కమాన్‌పూర్–రామగిరి ప్రాంతం: భౌగోళిక స్వరూపం, పాలనా చరిత్ర

కమాన్‌పూర్ తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన గ్రామం, అదే పేరుగల మండలానికి కేంద్రం. గోదావరి నదికి కుడివైపున, గోదావరిఖని బొగ్గు పట్టణానికి దక్షిణంగా, పెద్దపల్లికి మంథనికి నడుమ ఉంది. 1985లో ఏర్పడిన కమాన్‌పూర్ మండలాన్ని 2016లో పునర్వ్యవస్థీకరించి, అందులోని పలు గ్రామాలతో రామగిరి మండలాన్ని ఏర్పాటు చేశారు. కోట ఉన్న కొండ, చెరువుల కింద సాగు, సింగరేణి బొగ్గు గనులు ఈ రెండు మండలాల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. కోట కేంద్రంగా సాగిన పాలన భూమిశిస్తు కేంద్రంగా మారిన తీరు, ఆపైన బొగ్గు పరిశ్రమ ఊళ్ల హద్దులనూ ఉనికినీ ప్రభావితం చేసిన తీరు ఈ ప్రాంత చరిత్రలో ప్రధానాంశాలు.

పరిధి, పదాల వివరణ

ఈ వ్యాసంలో ‘కమాన్‌పూర్–రామగిరి ప్రాంతం’ అంటే 1985 నుంచి 2016 వరకు ఉన్న పాత కమాన్‌పూర్ మండల భూభాగం. కమాన్‌పూర్, గుండారం, జూలపల్లి, పెంచికల్‌పేట, రొంపికుంట కమాన్‌పూర్ మండలంలో ఉండగా, బేగంపేట, సుందిళ్ల, నాగేపల్లి, పన్నూరు, కల్వచర్ల, లద్నాపూర్, ఆదివారంపేట వంటి ఊళ్లతో ముడిపడిన తూర్పు, ఉత్తర భాగం రామగిరి మండలం కిందికి వచ్చింది.

ఊరును సూచించడానికి ఇక్కడ మూడు వేర్వేరు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. శిస్తు కోసం కొలిచి, సర్వే నంబర్లు వేసి, నక్షా గీసిన హద్దు రెవెన్యూ గ్రామం. నిజాం కాలపు దస్త్రాల్లో దీన్ని ‘మౌజా’ అన్నారు. ఎన్నికైన సర్పంచి, వార్డు సభ్యుల పాలనలో ఉండేది గ్రామ పంచాయతీ. పెద్ద ఊరికి అనుబంధంగా వెలసిన పల్లె లేదా గూడెం శివారు గ్రామం. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు. ఒక పంచాయతీ కింద పలు శివారు పల్లెలూ ఉండవచ్చు.

భౌగోళిక స్వరూపం

స్థానం

పెద్దపల్లి జిల్లా విస్తీర్ణం సుమారు 2,236 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం ఈ భూభాగంలో జనాభా 7,95,332. జిల్లాకు ఉత్తరాన గోదావరి అవతల మంచిర్యాల జిల్లా, తూర్పున జయశంకర్ భూపాలపల్లి, దక్షిణాన కరీంనగర్, పశ్చిమాన జగిత్యాల జిల్లాలు ఉన్నాయి. జిల్లాలో పెద్దపల్లి, మంథని అనే రెండు రెవెన్యూ డివిజన్లు ఉండగా, కమాన్‌పూర్, రామగిరి మండలాలు మంథని డివిజన్‌కు చెందుతాయి. దగ్గరి రైలు మార్గం కాజీపేట–బల్లార్షా లైను; పెద్దపల్లి, రామగుండం స్టేషన్లు దానిమీదే ఉన్నాయి.

శిలలు

ప్రాణహిత–గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవైన భ్రంశ లోయ. కమాన్‌పూర్–రామగిరి ప్రాంతం ఈ లోయకు నైరుతి అంచున ఉంది. నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే గోదావరి దిశగా వెళ్లేకొద్దీ వయసు తగ్గుతూ మూడు రకాల శిలలు వరుసగా ఎదురవుతాయి. మొదటివి అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ రాళ్లు. వాటి తర్వాత పాఖాల, సుల్లవాయి సముదాయాల అవక్షేప శిలలు వస్తాయి. మూడోది గోండ్వానా సముదాయం. తాల్చేర్, బరాకర్, కాంప్టీ మొదలైన శిలావిన్యాసాలు ఇందులోనివే. ఇక్కడి బొగ్గు పొరలు ప్రధానంగా బరాకర్ విన్యాసంలో ఉన్నాయి.

గోండ్వానా పొరలు ఈశాన్యానికి వాలి ఉండటం వల్ల నదివైపు వెళ్లేకొద్దీ బొగ్గు లోతు పెరుగుతుంది. అంచున పొరలు నేలకు దగ్గరగా ఉన్నచోట ఉపరితల గనులు, వాలుకు దిగువన భూగర్భ గనులు ఏర్పడటానికి ఇదే మూలకారణం. సుల్లవాయి సముదాయంలోని ఒక విన్యాసానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి కొండ పేరుతోనే ‘రామగిరి విన్యాసం’ అని పేరు పెట్టారు.

కొండలు

రామగిరి కొండ ఈ ప్రాంతంలోకెల్లా ప్రముఖమైన ఎత్తు. బేగంపేట సమీపంలోని ఈ కొండపై రామగిరి ఖిల్లా ఉంది. ప్రాకారాలు, దర్వాజాలు, బురుజులు, నీటి గుండాలు శిథిలావస్థలో కనిపిస్తాయి. వనమూలికలకు ఈ కొండ పేరుపొందింది. వనవాసకాలంలో శ్రీరాముడు ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం. కాళిదాసు మేఘదూతంలోని రామగిరి ఇదేనన్న స్థానిక విశ్వాసం ఉన్నా, పండితుల్లో ఎక్కువమంది ఆ ప్రదేశాన్ని మహారాష్ట్రలోని రామ్‌టెక్‌గా గుర్తిస్తారు.

సహజమైన గుట్టలతోపాటు మానవ నిర్మిత గుట్టలూ నేటి నేల స్వరూపంలో భాగమయ్యాయి. ఉపరితల గనుల్లో బొగ్గును చేరుకోవడానికి తొలగించిన మట్టిని, రాయిని పక్కనే పోయగా ఏర్పడిన ఈ దిబ్బలను స్థానికులు ‘మట్టి గుట్టలు’ లేదా ‘ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు’ అంటారు. వర్షపు నీరు పారే దారులు, చెరువులకు చేరే వరద, దారుల మలుపులు వీటివల్ల మారాయి.

నీరు

గోదావరి ఉత్తర సరిహద్దున ప్రవహిస్తుంది. దాని ఉపనది మానేరు దక్షిణం నుంచి వచ్చి మంథని మండలంలో గోదావరిలో కలుస్తుంది. ఈ రెండు నదుల మధ్యనున్న మెట్ట నేల కమాన్‌పూర్ ప్రాంతం. నది దగ్గరున్నా, నేల ఎత్తుగా ఉండటంవల్ల సాగునీటికి చిరకాలంగా చెరువులు, కుంటలు, వ్యవసాయ బావులే ఆధారం.

నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టులోని కాకతీయ కాలువ డి-83 పంపిణీ కాలువ ద్వారా పెద్దపల్లి–మంథని ప్రాంతానికి నీరు వస్తుంది. గుండారం జలాశయం స్థానిక సాగునీటి వనరుల్లో ముఖ్యమైనది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని మూడు బరాజుల్లో ఒకదానికి సుందిళ్ల పేరు పెట్టారు. దాని నిల్వ సామర్థ్యం 8.83 టీఎంసీలు. బరాజు కట్ట మంథని మండలం సిరిపురం వద్ద ఉంది.

నేలలు, వాతావరణం

చెల్క భూములు, ఎర్ర నేలలు విస్తారంగా ఉన్నాయి. పల్లపు చోట్ల, నదీతీరంలో నల్లరేగడి, ఒండ్రు నేలలు కనిపిస్తాయి. వరి, పత్తి, మొక్కజొన్న, మిరప ప్రధాన పంటలు. వర్షపాతంలో అధికభాగం జూన్–సెప్టెంబరు నైరుతి రుతుపవనాలవల్ల కురుస్తుంది. రామగుండం రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతలు ఎక్కువగా నమోదయ్యే చోట్లలో ఒకటి.

పాలనా చరిత్ర

కాకతీయ కాలం, ఆ తర్వాత

మధ్యయుగ శాసనాల్లో, సాహిత్యంలో నేటి కరీంనగర్ ప్రాంతాన్ని సబ్బినాడు అన్నారు. మంథనికి మంత్రకూటమనే పేరుండేది. కాకతీయ రెండో ప్రోలరాజు చేతిలో ఓడిన మంత్రకూట పాలకుడు గుండని ప్రస్తావన 1163 నాటి హనుమకొండ శాసనంలో ఉంది. ఆ తర్వాత గోదావరి తీరంలోని ఈ భాగం కాకతీయుల అధికారం కిందికి వచ్చింది.

1323లో ఓరుగల్లు పతనమయ్యాక రామగిరి ప్రత్యేక రాజకీయ కేంద్రంగా కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ముప్పభూపాలుడు రామగిరి రాజధానిగా సబ్బినాడును ఏలాడు. ఆయన మంత్రి కందనామాత్యుడు ‘పద్మపురాణోత్తర ఖండం’, ‘సకలనీతి సమ్మతం’ రచించిన మడికి సింగనకు పోషకుడు. (చూడండి: మడికి సింగన, సబ్బినాడు.)

సుల్తానుల, మొగలుల కాలం

ఆ తర్వాత ఈ భూభాగం బహమనీ, కుతుబ్‌షాహీ రాజ్యాల ఏలుబడిలోకి వచ్చింది. గోదావరి రేవులకు దగ్గరగా, బీరారుకు గోల్కొండకు మధ్య సరిహద్దున ఉండటం రామగిరి కోట ప్రాధాన్యానికి కారణం. 16వ శతాబ్దం చివరి నాటి ‘ఐన్-ఇ-అక్బరీ’ బీరారు సుబాలోని సర్కార్లు అనే పాలనా విభాగాల్లో ‘రామ్‌గిర్’ను చేర్చింది. 1656లో మొగలు రాకుమారుడు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు కుదిరిన సంధిలో అబ్దుల్లా కుతుబ్‌షా వదులుకున్నది రామ్‌గిర్ ప్రాంతాన్నే. ఆ సర్కారు విస్తృతి గోదావరి ఉత్తరాన చెన్నూరు, మాణిక్‌దుర్గ్ వరకు ఉండేది. అప్పట్లో నది పాలనా హద్దు కాదు. రెండు తీరాలూ ఒకే విభాగంలో ఉండేవి.

ఆసఫ్‌జాహీ కాలం

1724 నుంచి ఆసఫ్‌జాహీల పాలన మొదలైంది. హైదరాబాద్ సంస్థాన దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో ప్రవేశపెట్టిన జిలాబందీ సంస్కరణ ఆధునిక జిల్లా పాలనకు పునాది. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతినుంచి తప్పించి, జీతం తీసుకునే తాలూక్‌దార్లకు, తహసీల్దార్లకు అప్పగించారు. ఈ ప్రాంతం ఎలగందల జిల్లాలో చేరింది. దీంతో పాలనలో కోటల పాత్ర క్షీణించి, కచేరీ ఉన్న ఊరు కేంద్రమైంది. మహదేవ్‌పూర్ తాలూకాకు మంథని కేంద్రంగా నిలిచింది.

1905 పునర్వ్యవస్థీకరణలో చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలు ఎలగందల నుంచి విడిపోయి గోదావరికి ఉత్తరాన ఉన్న జిల్లాలో కలిశాయి. పర్కాల తాలూకా వచ్చి చేరింది. జిల్లా పేరు కరీంనగర్‌గా మారింది. గోదావరి జిల్లా సరిహద్దుగా స్థిరపడింది ఈ మార్పుతోనే. ఆనాటి కరీంనగర్ జిల్లాలో కరీంనగర్, జమ్మికుంట, సుల్తానాబాద్, మహదేవ్‌పూర్, జగిత్యాల, సిరిసిల్ల, పర్కాల తాలూకాలు ఉండేవి. నేటి పెద్దపల్లి జిల్లా భూభాగం ప్రధానంగా సుల్తానాబాద్, మహదేవ్‌పూర్ తాలూకాల నుంచి వచ్చింది.

గ్రామస్థాయిలో మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు. పోలీస్ పటేల్ శాంతిభద్రతలు, జనన మరణాల నమోదు చూసేవాడు. భూమి లెక్కలు పట్వారీ రాసేవాడు. సుంకరి, నీరడి వంటి గ్రామ సేవకులు వీరికింద పనిచేసేవారు. పట్వారీ లెక్కలను తనిఖీ చేసే గిర్దావర్, అతని పైన తహసీల్దారు ఉండేవారు. ఈ పదవులు చాలావరకు వంశపారంపర్యం కావడంవల్ల భూమి దస్త్రాలపై కొన్ని కుటుంబాలకే పట్టు ఉండేది.

1948–1985

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్ల రద్దు నిబంధన, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1954–55లో రూపొందిన ఖాస్రా పహాణీ నేటికీ భూమి హక్కుల వివాదాల్లో ప్రధాన ఆధారం. 1956 నవంబరు 1న ఈ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. 1964 చట్టం గ్రామ పంచాయతీలకు ఏకరూప నిర్మాణాన్ని ఇచ్చింది. మంథని శాసనసభ స్థానానికి 1957 నుంచి 1977 వరకు పి.వి. నరసింహారావు ప్రాతినిధ్యం వహించారు.

మండల వ్యవస్థ

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసి, 1985లో తాలూకాల స్థానంలో మండలాలను తెచ్చింది. రాష్ట్రంలో మొత్తం 1,104 మండలాలు ఏర్పడ్డాయి. వాటిలో కమాన్‌పూర్ ఒకటి. దీంతో తహసీలు కచేరీ పనులకు మంథని, పెద్దపల్లి దాకా వెళ్లాల్సిన ఊళ్లకు దగ్గరలోనే రెవెన్యూ కార్యాలయం వచ్చింది. 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు ఏర్పడ్డాయి. 73వ రాజ్యాంగ సవరణకు అనుగుణంగా 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది.

2014 తర్వాత

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న రాష్ట్రంలోని 10 జిల్లాలను 31గా విభజించారు. 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. 2016 విభజనలో కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లా, పాత కమాన్‌పూర్ మండలం నుంచి రామగిరి మండలం రూపుదిద్దుకున్నాయి. కొత్త మండలానికి చారిత్రక కోట పేరు పెట్టారు. శతాబ్దాల తర్వాత రామగిరి మళ్లీ ఒక పాలనా విభాగం పేరైంది. గనులున్న ఊళ్లు ఎక్కువగా రామగిరిలోకి, వ్యవసాయ గ్రామాలు ఎక్కువగా కమాన్‌పూర్‌లోకి వెళ్లాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో గ్రామ పంచాయతీల సంఖ్య 12,751కి పెరిగింది. పలు శివారు పల్లెలు, తండాలు సొంత పంచాయతీలయ్యాయి.

సింగరేణి గనులు

1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి ప్రారంభమైంది. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. దానిలో ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి కుడితీరాన రామగుండం బొగ్గుక్షేత్రంలో తవ్వకం 1960ల తొలినాళ్లలో ఊపందుకుంది. గోదావరిఖని పట్టణం దాని ఫలితం. తర్వాతి దశాబ్దాల్లో గనులు ఆగ్నేయంగా కమాన్‌పూర్ మండలం వైపు విస్తరించాయి.

ఈ ప్రాంతంలోని గనులు సింగరేణి రామగుండం-3, అడ్రియాల ప్రాజెక్టు ఏరియాల కిందికి వస్తాయి. తవ్వకం రెండు విధాలు. భూగర్భ గనిని కార్మికులు ‘బాయి’ అంటారు. ఏటవాలు దారిగుండా లోపలికి వెళ్లే గనికి ‘ఇంక్లైన్’ అని పేరు. ఇది నేలపై తక్కువ స్థలం తీసుకుంటుంది. ఓపెన్‌కాస్ట్ గని నేలను పైనుంచే తొలుస్తుంది కాబట్టి పొలాలు, చెరువులు, ఇళ్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. లోతైన పొరల కోసం చేపట్టిన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014లో ఉత్పత్తి మొదలైంది. 

భూసేకరణ మొదట 1894 చట్టం కింద, 2014 జనవరి నుంచి 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం కింద జరుగుతోంది. ఓపెన్‌కాస్ట్ విస్తరణ ప్రభావం పడిన ఊళ్లలో లద్నాపూర్ ఒకటి. ఇలాంటి ఊరు ఖాళీ అయినా దాని రెవెన్యూ హద్దు, సర్వే నంబర్లు దస్త్రాల్లో కొనసాగుతాయి. నివాసులు పునరావాస కాలనీకి మారితే ఓటర్ల జాబితా, పంచాయతీ వార్డులు, బడి, రేషన్ దుకాణం పరిధులను తిరిగి నిర్ణయించాల్సి వస్తుంది. (చూడండి: సింగరేణి కాలరీస్, గోదావరిఖని, లాంగ్‌వాల్ తవ్వకం.)

ఊళ్లలో రకాలు

కొండ పాద గ్రామాలు: రామగిరి చుట్టూ వెలసినవి, బేగంపేట ఇందుకు ఉదాహరణ. కోటకు చేరే దారి, కొండ నుంచి దిగే నీరు, అడవి ఫలసాయం వీటికి ఆధారాలు.

చెరువు గ్రామాలు: కమాన్‌పూర్, గుండారం వంటివి. ఆయకట్టు చుట్టూ ఊరు పెరిగింది. కమాన్‌పూర్‌లోని ఆదివరాహస్వామి ఆలయంలో బండరాతిపై వెలసిన స్వామిని కొలుస్తారు. ఆ మూర్తి క్రమంగా పెరుగుతోందని భక్తుల నమ్మకం.

నదీతీర గ్రామాలు: సుందిళ్ల వీటిలో ముఖ్యమైనది. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ప్రసిద్ధం.

గని కాలనీలు: సింగరేణి తవ్వకానికి నూరేళ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకుని పేరు పెట్టిన సెంటినరీ కాలనీ పెద్దది. క్వార్టర్లు, నీరు, విద్యుత్తు, దవాఖాన వసతులను కంపెనీ చూస్తుంది. మంథని పేరుతో ఉన్న జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఈ కాలనీ దగ్గరే నడుస్తోంది.

పునరావాస కాలనీలు: గనులకు భూములిచ్చిన కుటుంబాలు కొత్త స్థలాల్లో కట్టుకున్నవి. పాత ఊరి పేరునే కొత్త కాలనీకి పెట్టుకోవడం పరిపాటి.

ప్రస్తుత పాలన పనితీరు

మండలంలో తహసీల్దారు రెవెన్యూ వ్యవహారాలకు, మండల పరిషత్ అభివృద్ధి అధికారి పంచాయతీరాజ్ పనులకు బాధ్యులు. 2020లో ధరణి పోర్టల్ రావడంతో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ బాధ్యత తహసీల్దారుకు దక్కింది. అదే ఏడాది గ్రామ రెవెన్యూ అధికారి పదవిని రద్దు చేశారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం అమలులోకి వచ్చి, గ్రామ పాలనాధికారుల నియామకం జరిగింది. పటేల్, పట్వారీల రద్దు తర్వాత ఊళ్లో ప్రభుత్వ ప్రతినిధి ఎవరన్న విషయంలో నలభై ఏళ్లుగా జరుగుతున్న మార్పుల్లో ఇది తాజాది.

గనుల ప్రాంతంలో వీటికి తోడు సింగరేణి యంత్రాంగం కూడా ఉంది. కాలనీ కంపెనీ నిర్వహణలో ఉన్నా, నివాసులు పంచాయతీ ఓటర్లు. బొగ్గుపై రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి గనుల నిర్వాహకులు రాయల్టీకి అదనంగా కొంత మొత్తం చెల్లించాలి. ఆ నిధిని ప్రభావిత గ్రామాల్లో తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి అవసరాలకు వాడాలని చట్టం ఉద్దేశం.

జపాన్‌తో పోలిక

జపాన్ కొండ గ్రామాల పాలనా చరిత్ర, తెలంగాణలో మండలాలు, పంచాయతీల సంఖ్య పెరిగిన తీరుకు ఎదురు దిశలో సాగింది. మెయిజీ కాలంలో, 1888–89లో, డెబ్బై వేలకు పైగా ఉన్న పట్టణాలు, గ్రామాలను విలీనం చేసి సుమారు 15,900కు కుదించారు. 1953 నుంచి 1961 వరకు జరిగిన షోవా విలీనాల్లో ఆ సంఖ్య 3,500 దగ్గరికి, 1999–2010 హెయిసెయి విలీనాల్లో సుమారు 1,730కి తగ్గింది. యువత నగరాలకు తరలిపోవడంతో కొండ ఊళ్లలో జనాభా, పన్నుల రాబడి పడిపోవడం చివరి దశ విలీనాలకు ఒక కారణం. జనాభాలో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారే ఉన్న పల్లెలను సామాజిక శాస్త్రవేత్త ఓనో అకిరా ‘గెంకై షూరాకు’ అన్నారు. ఊరుగా నిలవగల హద్దుకు చేరిన పల్లె అని దాని భావం. విలీనమైన పాత ఊళ్ల పేర్లు ‘ఓఆజా’ అనే ఉపవిభాగాలుగా చిరునామాల్లో మిగిలాయి.

తెలంగాణలో మాత్రం 1985 నుంచి జరిగిన ప్రధాన సంస్కరణలు విభాగాలను చిన్నవి చేస్తూ, వాటి సంఖ్యను పెంచుతూ వచ్చాయి. పాత హద్దు దస్త్రాల్లో నిలిచిపోవడంలో మాత్రం రెండు చోట్లా పోలిక ఉంది. అక్కడ ఓఆజా, ఇక్కడ రెవెన్యూ గ్రామం ఆ పాత్ర పోషిస్తున్నాయి.

బొగ్గు గనులు మూతపడితే పట్టణం ఏమవుతుందో చెప్పడానికి జపాన్ హొక్కైడోలోని యూబారి తరచు ఉదాహరణగా వస్తుంది. 1960లో లక్షకు పైగా ఉన్న దాని జనాభా గనులు మూతపడటంతో పదివేల లోపుకు పడిపోయింది. చివరి గని 1990లో మూతపడగా, పురపాలక సంస్థ ఆర్థికంగా దివాలా తీసి 2007లో ప్రభుత్వ పర్యవేక్షణలోకి వెళ్లింది.

ప్రాధాన్యం

తెలంగాణలో పాలనా విభాగాల పరిణామాన్ని అధ్యయనం చేసేవారికి కమాన్‌పూర్–రామగిరి ప్రాంతం మూడు కారణాల వల్ల ఉపయుక్తం. సర్కారు, తాలూకా, మండలం అనే మూడు దశలూ ఒకే నేలమీద పరిశీలించవచ్చు. శిలల అమరిక ఊళ్ల ఆర్థిక జీవనంలోనూ, 2016 నాటి మండల విభజనలోనూ చాలావరకు ఎలా ప్రతిబింబించిందో గమనించవచ్చు. ఊరి జనం తరలినా రెవెన్యూ హద్దు కొనసాగే స్థితిలో రెవెన్యూ, పంచాయతీ, గనుల చట్టాలు ఒకదానితో ఒకటి ఎలా తలపడతాయో తెలుసుకోవచ్చు.

2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ జారీచేసిన మార్గదర్శకాలతో ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక తప్పనిసరైంది. తవ్విన గుంతల పూడిక, మట్టి గుట్టలపై మొక్కల పెంపకం, నేల పునర్వినియోగం అందులోని అంశాలు. ఓపెన్‌కాస్ట్ తవ్వకం ముగిశాక ఆ భూమిని ఏ అవసరానికి వాడాలి, ఏ పంచాయతీ పాలించాలి అన్నవి రామగిరి మండలం ముందున్న ప్రధాన పాలనాంశాలు. (చూడండి: పెద్దపల్లి జిల్లా, మంథని, తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ, జిల్లా ఖనిజ నిధి.)